ఫ్లెక్సీ ఎక్కిన మనిషి దిగేదెలా

మీరు రాసింది రెండుసార్లు చదివాను తమ్ముడూ. గాజువాక వైపు ఒక కంపెనీ గేటు ముందు, తీసేసిన కాంట్రాక్టు కార్మికుల శిబిరంలో మీ అమ్మగారు కూర్చున్నారు. ఎండలో డ్యూటీ చేస్తున్న ఆడ కానిస్టేబుల్‌ని చూసి, తన క్యారేజీ గిన్నెలోంచి చోడి అంబలి గ్లాసులో పోసి ఇచ్చారు. ఎవరో కుర్రాడు ఫోన్‌లో తీశాడు. మూడు రోజుల్లో ఆ వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. నాలుగో రోజుకి టెంటు వెనక ఫ్లెక్సీ లేచింది, మీద ‘ఉద్యమ తల్లి’ అని. ఇప్పుడు విజయవాడ సభకి రమ్మని యూనియన్ వాళ్లు, చర్చకి రమ్మని టీవీ వాళ్లు. అమ్మకి ముచ్చటగానూ ఉంది, రాత్రిళ్లు నిద్రా పట్టడం లేదు. పంపాలా, ఆపాలా అని కదా మీ ప్రశ్న.

నేను ఈ ఊళ్లో ఒక దినపత్రికకి ఇరవయ్యేడేళ్లు ఫొటోలు తీశాను. గాంధీ విగ్రహం దగ్గర ధర్నాలు, కలెక్టరేట్ ముట్టడులు, పోర్టు సమ్మెలు, రిలే దీక్షలకి నిమ్మరసాలు, ఇవే నా బతుకు. ఉద్యమానికి ఒక ముఖం ఎలా తయారవుతుందో దగ్గరుండి చూశాను. ఒకసారి నా చేత్తోనే తయారుచేశాను కూడా. అది తర్వాత చెబుతాను.

ఎవరో మామూలు మనిషి ఒక రోజు విసిగిపోయి ఎదురు తిరిగిందనీ, దాంతో దేశమే కదిలిందనీ ఒక కథ ఉంటుంది. సభల్లో మీ అమ్మగారి గురించీ అలాగే చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ ఎక్కడా అలా జరగలేదు. అమెరికాలో మాంట్‌గొమరీ అనే ఊళ్లో 1955 డిసెంబరు 1న బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్న రోసా పార్క్స్ పేరు మీరు వినే ఉంటారు. కాళ్లు నొప్పెట్టి లేవలేదని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. ఆవిడ బట్టలు కుట్టే పనిచేసిన మాట నిజమే. కానీ అప్పటికే ఏళ్ల తరబడి నల్లవారి హక్కుల సంఘం ఊరి శాఖకి కార్యదర్శి. ఆ వేసవిలోనే ఉద్యమకారుల శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చింది. అంతకు తొమ్మిది నెలల ముందు, అదే ఊళ్లో, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల పిల్ల ఇదే పని చేసి అరెస్టయింది. పెద్దలు ఆలోచించారు. చిన్నపిల్ల, దుడుకు అన్నారు. తర్వాత గర్భవతి అని కూడా తెలిసింది. పక్కన పెట్టేశారు. పార్క్స్ అయితే నెమ్మది మనిషి, పెళ్లయిన మనిషి, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆవిణ్ణి ముందు నిలబెట్టారు. 381 రోజులు ఊరి నల్లవాళ్లు బస్సెక్కలేదు. చివరికి బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తీర్పు వచ్చిన కేసులో వాదులు ఎవరనుకున్నారు? ఆ కాల్విన్, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. పార్క్స్ పేరు ఆ కేసులో లేదు.

నా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి. బస్సులో కిటికీ పక్కన పార్క్స్, వెనక సీట్లో ఒక తెల్లాయన ఉండే ఫొటో మీరు చూసే ఉంటారు. అది అరెస్టు రోజుది కాదు. ఏడాది దాటాక, బహిష్కరణ గెలిచిన మర్నాడు, 1956 డిసెంబరు 21న విలేకరుల కోసం ఆవిణ్ణి బస్సెక్కించి తీసింది. వెనక కూర్చున్నాయన ప్రయాణికుడు కాదు, ఒక రిపోర్టరు. మోసం అని అనను, మేమూ అలాంటివి తీశాం. దండ మళ్లీ వేయండి సార్ అని ఎన్నిసార్లు అడిగి ఉంటానో.

ఇదంతా ఎందుకంటే, మీ అమ్మగారి వీడియో కాకతాళీయమే కావచ్చు, ఫ్లెక్సీ మాత్రం కాదు. శిబిరంలో నలభై మంది ఉంటే ఆవిణ్ణే ఎందుకు ఎంచుకున్నారో ఎవరో ఒకరు లెక్క వేసే ఉంటారు. పెద్దావిడ, అరవదు, తిట్టదు, పోలీసుకే అంబలి పోసింది, కాబట్టి అవతలివాడు ఏమీ అనలేడు. లెక్క వేయడం తప్పు కాదు, ఉద్యమాలు అలాగే నడుస్తాయి. ఆ లెక్కలో మీ అమ్మగారి మంచీచెడ్డా కూడా ఉందా లేదా అన్నదే మీరు చూసుకోవలసింది.

మనవాళ్లలో దూబగుంట రోశమ్మగారు ఉండేవారు. నెల్లూరు జిల్లాలో 1992లో సారా మీద లేచిన ఆడవాళ్ల పోరాటానికి ఆవిడ పేరే గుర్తు. దానికి ముందు ఊరూరా రాత్రిబడులు, చదువు నేర్పే వాలంటీర్లు, సారా మానిపించిన సీతమ్మ కథ అని వాచకంలో ఒక పాఠం, ఇంత పని ఉంది. పాఠం చదివిన ఆడవాళ్లు మనూళ్లో ఎందుకు చేయకూడదని సారా కొట్టు మీదికి వెళ్లారు. 1993లో రాష్ట్రమంతటా సారా ఆగింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. నిషేధం పోయినా ఆవిడ పేరు నిలిచింది. ఆ పేరులోనూ తమాషా చూడండి. ఇంటిపేరు వర్ధినేని. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? ఊరి పేరే ఇంటిపేరైపోయింది. రేపు మీ అమ్మగారినీ ‘అంబలమ్మ’ అంటారు, చూస్తూ ఉండండి. అప్పుడు ఆవిడ అసలు పేరు రేషను కార్డులో మాత్రమే మిగులుతుంది.

ఇక మన ఊరు. విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు అనని వాడు ఇక్కడ లేడు. 1966 అక్టోబరులో గుంటూరు వైపు నుంచి అమృతరావుగారు వచ్చి ఇక్కడ నిరాహార దీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినం నాడే, ఊళ్లో కాల్పులు. పోయినవాళ్లలో తొమ్మిదేళ్ల పిల్లాడూ ఉన్నాడు. రాష్ట్రమంతా కలిపి 32 మంది అని మైకుల్లో చెబుతాం. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించింది, 1971 జనవరిలో శంకుస్థాపన. ఆ 32 మందిలో ఒక్క నలుగురి పేర్లు చెప్పమనండి ఎవరినైనా. నేను అడిగి చూశాను. 2021 జనవరిలో ప్రైవేటుపరం చేస్తామన్న నిర్ణయం వచ్చాక కూర్మన్నపాలెం దగ్గర శిబిరం వేశారు కదా, అక్కడే టీ తాగుతూ అడిగాను. అంకె అందరికీ నోటికొచ్చు, పేర్లు రావు. ఆ ఉద్యమానికి ముఖం లేదు, నినాదమే ముఖం. భూములిచ్చిన అరవై నాలుగు ఊళ్ల వాళ్లకైతే అదీ లేదు. చేతిలో నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగినవాళ్ల పిల్లలకి ఇప్పుడు మనవలు కూడా పుట్టారు. ఏ ఫ్లెక్సీ మీదా వాళ్లు లేరు. కాబట్టి ఒక ముఖం ఉండటం ఉద్యమానికి అవసరమే. నేను కాదనను. మనిషి కనిపిస్తే తప్ప మన జనానికి బాధ కనిపించదు.

మన సింధియా దాటి షిప్‌యార్డు వైపు వెళ్తే ఆకాశంలో క్రేన్లు కనిపిస్తాయి కదా. అలాంటి క్రేన్ నడిపిన మనిషే పోలండులో అన్నా వాలెంటినోవిచ్. గ్దాన్‌స్క్ షిప్‌యార్డులో, రిటైర్మెంటు ఇంకో ఐదు నెలలుందనగా, 1980 ఆగస్టులో ఆవిణ్ణి తీసేశారు. ఆగస్టు 14న మొదలైన సమ్మెలో ఆవిణ్ణి తిరిగి తీసుకోవాలన్నది తొలి కోరికల్లో ఒకటి. మూడో రోజున యాజమాన్యం దిగొచ్చింది. సమ్మె అయిపోయిందని నాయకుడు వలేసా ప్రకటించేశాడు కూడా. మరి మన కోసం పనాపిన మిగతా కంపెనీల వాళ్ల గతేమిటని గేట్ల దగ్గర నిలబడి జనాన్ని వెనక్కి మళ్లించిన ఆడవాళ్లలో ఈవిడ ఉంది. ఆ సమ్మెలోంచే సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. 1983లో నోబెల్ వలేసాకి వచ్చింది, 1990లో దేశాధ్యక్షుడూ ఆయనే అయ్యాడు. తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఆయన గొప్పతనం ఆయనది, నాకేం తగువు లేదు. కానీ ఫ్లెక్సీ మీద చోటు వేరు, చర్చల బల్ల దగ్గర కుర్చీ వేరు. యాజమాన్యంతో మాటలకి కూర్చునే కమిటీలో మీ అమ్మగారి పేరు ఉందా? లేకపోతే ఈ రోజే అడగండి. ఫొటోకి పనికొచ్చిన మనిషి మాటలకి పనికిరాదా అని అడగండి. ఆ ప్రశ్నకి వాళ్లిచ్చే జవాబుని బట్టి మీకు సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు నా సంగతి.

రంగు ఫొటోలు లోపలి పేజీల్లోకి ఇంకా రాని రోజులు. ఒక పరిశ్రమ గేటు ముందు కాంట్రాక్టు ఊడ్పు పనివాళ్లు బైఠాయించారు, మూడు నెలల జీతం కోసం. జల్లు పడుతోంది. ఒకావిడ కొంగు నెత్తిన కప్పుకుని లేచి, పిడికిలి బిగించి, నోరు తెరిచి ఏదో అరిచింది. నేను నొక్కాను. ఒక్కటే ఫ్రేము. మర్నాడు మొదటి పేజీ. వారం తిరగకుండా ఆ బొమ్మ గీసి గోడల మీద వేశారు, కరపత్రాల మీద వేశారు, ఇంకో ఊళ్లో ఇంకో సమ్మెకీ వాడుకున్నారు. నాకు మంచి పేరొచ్చింది.

ఆవిడ అరిచింది నినాదం కాదు. రోడ్డుకి అవతల ఆవిడ కొడుకు, ఏడెనిమిదేళ్ల గుంటడు, అమ్మకి క్యారేజీ పట్టుకొచ్చి లారీల మధ్యలోంచి దాటబోతున్నాడు. ఆగు రా అని చెయ్యెత్తింది. పిడికిట్లో ఉన్నది తడిసిన అగ్గిపెట్టె, మరోటో, నాకిప్పుడు గుర్తులేదు. నా ఫ్రేములో అంచున పిల్లాడూ ఉన్నాడు. డెస్కులో కత్తిరించారు. పేజీలో మూడు కాలమ్‌లలో పట్టాలంటే ఏదో ఒకటి పోవాలి, పిల్లాడు పోయాడు. నేనూ అడ్డు చెప్పలేదు. పిల్లాడు లేకపోతేనే బొమ్మకి బలం వచ్చిందని నాకూ తెలుసు.

సమ్మె గెలిచింది. జీతాలు ఇచ్చారు, అందరినీ పనిలోకి తీసుకున్నారు. ఆవిడ్ని తప్ప. తీసేశామని ఎవరూ అనలేదు. కొత్త కాంట్రాక్టరు వచ్చాడు, కొత్త జాబితా వచ్చింది, అందులో ఆవిడ పేరు లేదు. ఇంకో చోటికి వెళ్తే అక్కడి మేస్త్రీ గుర్తుపట్టి, “నువ్వు పేపర్లో పడ్డదానివి కదమ్మా, మాకెందుకు గొడవ” అన్నాడట. యూనియన్ మనిషి ఒకాయన రెండుసార్లు బియ్యం పంపాడు, తర్వాత ఆయనకీ బదిలీ అయింది. ఇవన్నీ నాకు ఆరేడు నెలల తర్వాత పూర్ణా మార్కెట్‌లో ఆవిడ ఎదురైతే తెలిసింది. కరివేపాకు, కొత్తిమీర పెట్టుకుని కూర్చుంది. నన్ను తిట్టలేదు. “నీ బొమ్మ బాగుంది బాబూ, నా బతుకే బాగులేదు” అంది.

కాబట్టి పంపాలా ఆపాలా అన్నదానికి ముందు, అమ్మగారి పని సంగతి చూడండి. శిబిరం ఎలా ముగిసినా కార్మిక శాఖ అధికారి ముందు ఒక ఒప్పందం మీద సంతకాలవుతాయి. సమ్మెలో పాల్గొన్నవారి మీద కక్షసాధింపు చర్యలు ఉండవు అనే వాక్యం అందులో పెడతారు. చాలామంది అంతటితో తృప్తి పడిపోతారు. ఆ వాక్యం చాలదు. తిరిగి తీసుకునేవాళ్ల జాబితా ఒప్పందానికి జతచేయాలి, అందులో మీ అమ్మగారి పేరు, తండ్రి లేక భర్త పేరు, పీఎఫ్ నంబరుతో సహా ఉండాలి, కాంట్రాక్టరు మారినా ఆ జాబితా వర్తిస్తుందని రాయాలి. యూనియన్ నాయకుడు మంచివాడైతే ఇది అడిగినందుకు కోప్పడడు.

పోలీసుల నుంచి నోటీసు వస్తే భయపడొద్దు, పారేయొద్దు. వెనకటికి సెక్షన్ 41ఏ నోటీసు అనేవాళ్లం, కొత్త చట్టంలో అది సెక్షన్ 35(3). దాని అర్థం అరెస్టు అని కాదు, హాజరై సమాధానం చెప్పమని. లాయరుతో వెళ్లాలి. అమ్మగారిని సాక్షిగా విచారించాలంటే మాత్రం స్టేషన్‌కి పిలిపించకూడదు, ఇంటికే రావాలి, ఆడవాళ్ల విషయంలో చట్టం అలాగే ఉంది. లాయరు ఖర్చు గురించి బెంగ పెట్టుకోకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

టీవీ చర్చకి మాత్రం వద్దు. నా మాట వినండి. నలుగురు ఒకేసారి అరిచే చోట, ఎదుటివాడు “మీకు రోజుకి ఎంత ఇస్తున్నారమ్మా” అంటాడు. పెయిడ్ ఆర్టిస్టు అనే మాట మన రాష్ట్రంలో ఎంత తేలిగ్గా దొర్లుతుందో మీకు చెప్పక్కర్లేదు. మాట్లాడించాలనుకుంటే కెమెరా పట్టుకుని మీ ఇంటికి రమ్మనండి, మీరు పక్కన ఉండండి, ఆవిడకి తెలిసింది ఆవిడ యాసలో చెప్పనివ్వండి. ఎన్నేళ్లు పనిచేసింది, ఎంత రావాలి, ఎందుకు ఆపారు. యాజమాన్యం గురించి, పార్టీల గురించి అడిగితే యూనియన్‌ని అడగండి అంటే చాలు. ఇంకో సంగతి, మీ ఫేస్‌బుక్ ఈ రాత్రికే తాళం వేసుకోండి. పాత ఎన్నికల్లో ఏదో పార్టీ కండువా వేసుకుని అమ్మ నవ్వుతున్న ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. ఎవరింట్లో లేదు కనక! బిరియానీ పొట్లం కోసం ఎక్కిన లారీ కూడా రేపు సాక్ష్యం అయి కూర్చుంటుంది.

అన్నట్టు, ఆ వీడియోలో రెండో మనిషి గురించి ఎవరైనా ఆలోచించారా? అంబలి తాగిన కానిస్టేబుల్ అమ్మాయి. డ్యూటీలో ఉండి ధర్నావాళ్ల దగ్గర గ్లాసు అందుకుంది. ఆ అమ్మాయికి పైవాళ్లు ఏమన్నారో మనకి తెలియదు. ఫ్లెక్సీ మీద ఆ ముఖం చెరిపేయమని చెప్పండి. మీ అమ్మగారి చేతే చెప్పించండి, వింటారు.

విజయవాడ సభకి అమ్మగారు వెళ్తానంటే వెళ్లనివ్వండి. ముచ్చట పడుతున్న మనిషిని ఆపడానికి మనమెవరం? ఒంటరిగా మాత్రం వద్దు, శిబిరంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వేదిక మీద పక్కన కూర్చోవాలి. వచ్చే ఫ్లెక్సీలో ముగ్గురి ఫొటోలు వేయమనండి. ముగ్గురున్నప్పుడు ఒకరికి జ్వరమొస్తే ఇంటి దగ్గర పడుకోవచ్చు. ఒక్కరే ఉన్నప్పుడు జ్వరం వచ్చినా లొంగిపోయింది అంటారు.

ఆ మాట ఊరికే అనడం లేదు. మణిపూర్‌లో ఇరోమ్ షర్మిల 2000 నవంబరులో, మాలోమ్ బస్టాపు దగ్గర సాయుధ బలగాలు పదిమందిని కాల్చి చంపాక, వాళ్లకి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం ఎత్తేయాలని అన్నం మానేసింది. పదహారేళ్లు ముక్కు గొట్టంతో బతికించారు. దేశమంతా ఉక్కు మహిళ అంది. 2016 ఆగస్టు 9న ఇక చాలు, ఎన్నికల్లో నిలబడతాను, పెళ్లి చేసుకుంటాను అని అరచేతిలో తేనె వేసుకుని నాకింది. ఆ రాత్రి తలదాచుకోవడానికి ఇంఫాల్‌లో చోటివ్వలేదు, తిరిగి అదే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. మరుసటేడు ఎన్నికల్లో ముఖ్యమంత్రి మీద పోటీచేస్తే వచ్చిన ఓట్లు 90. ఆకలితో ఉన్నన్నాళ్లూ దండలు వేసినవాళ్లే, ఆవిడ తిన్న రోజున ముఖం తిప్పుకున్నారు. తర్వాత పెళ్లయింది, కవలపిల్లలు పుట్టారు. నాకైతే ఆ వార్త చదివిన రోజు సంతోషమనిపించింది.

అందుకే ఇప్పుడే, వేడి మీద ఉండగానే, అమ్మగారి చేత శిబిరంలో అందరి ముందూ ఒక మాట అనిపించండి. నేను వచ్చినన్నాళ్లు వస్తాను, ఒంట్లో బాగులేనప్పుడు రాను, నా తర్వాత ఫలానా ఆవిడ కూర్చుంటుంది అని. చిన్న మాటే. రేపు ఆవిడ దిగిపోవాలనుకున్న రోజున మెట్టులా పనికొస్తుంది.

పూర్ణా మార్కెట్ ఆవిడ చివరిసారి కనిపించింది హుద్‌హుద్ తుపాను అయిన కొన్నాళ్లకి. కొడుకు గల్ఫ్‌లో వెల్డింగు పనిలో ఉన్నాడంది, మనవరాలు కూడా పుట్టిందట. “పిల్లోడున్న బొమ్మ నీ కాడ ఉంటాది గదా బాబూ, ఒకటియ్యి, సిన్నప్పటి బొమ్మ ఒక్కటీ లేదు ఆడిది” అని అడిగింది. ఇస్తానన్నాను. ఇంటికొచ్చి నెగటివ్‌ల పెట్టె తీశాను. మన సముద్రపు గాలికి బూజు పట్టినవి కొన్ని, తుపాను రోజున కిటికీ ఊడి నీళ్లు చేరి ఒకదానికొకటి అతుక్కుపోయినవి చాలా. ఆ స్ట్రిప్పు దొరికింది గానీ విడదీస్తే బొమ్మ ఊడి చేతికొచ్చింది. ఆఫీసులో మిగిలింది కత్తిరించిన బొమ్మే.

మీరు ఆ వీడియో తీసిన కుర్రాణ్ణి వెతికి పట్టుకోండి. వాట్సాప్‌లో తిరుగుతున్న ముక్క కాదు, వాడి ఫోన్‌లో మొదటి నుంచి ఉన్నది మొత్తం, ముందూ వెనకా కత్తిరించకుండా, పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. వాడు ఫోన్ మార్చేలోగా.